తాళాలు చేతులు మారిన రోజు

ముందుగా ఒక మన్నింపు అడుగుతాను. నేను అరవై ఏడేళ్ళ వయసులో పలక పట్టినదాన్ని. ఒత్తు రాయబోతే పక్క అక్షరం కింద పడుతుంది. 'ణ' ఉండాల్సిన చోట 'న' రాస్తాను. రాయడమూ నిదానమే. మధ్యలో లేచి అన్నం ఉడికిందో లేదో చూసి వస్తాను. ఈ కథకు మూడు నెలలు, రెండు నోటుబుక్కులు పట్టాయి.

తప్పులు దిద్దింది నాకు అక్షరాలు నేర్పిన యమున. తన గురించి రాసినచోట రెండు వాక్యాలు కొట్టేసింది కూడా. ఆమె డ్యూటీకి పోగానే వాటిని మళ్ళీ రాసేశాను.

కథ మా మనవడు చరణ్‌ది. వాడికి ఇరవై ఏడేళ్ళు. పొద్దున మదనపల్లె టమోటా మండీలో వేలం పాట పాడతాడు. శనివారం సాయంత్రం మా వీధి ఆంజనేయస్వామి గుడిలో భజనకు ముందు గొంతు వాడిదే. రెండు చోట్లా అరవడమే కదా అని స్నేహితులు ఎగతాళి చేస్తారు. నేను ఒప్పుకోను. మండీలో వాడి గొంతు ఎదుటివాడి జేబు చూసి లేస్తుంది. గుడిలో కళ్ళు మూసుకుని లేస్తుంది.

మా బృందంలో ఇంకా పదకొండు మంది ఉన్నారు. వాళ్ళ పని చరణ్ పాడింది తిరిగి పాడటం. ఏం పాడితే అది. డోలు వాయించే రామప్పకు కుడి చెవి వినపడదు, ఎడమ చెవి ఆయన ఇష్టం. దీపం మాత్రం నాది. నూనె పోస్తూ, ఒత్తి ఎగదోస్తూ కూర్చుంటాను. నాకు తెలిసిన పూజ అదొక్కటే.

ఏకాహం అంటే ఒక పగలూ ఒక రాత్రీ రామనామం తెగకుండా సాగాలి. మధ్యలో దీపపు సెమ్మె, దాని చుట్టూ తిరుగుతూ భజన. ఊరూరి బృందాలు వంతులవారీగా వస్తాయి. వంతు అయిపోయిందని పాడేవాడు ఆపకూడదు. వచ్చే బృందంలో ముందు పాడేవాళ్ళు నామాన్ని గొంతుతో అందుకుని, అతని చేతిలో తాళాలు తమ చేతిలోకి తీసుకోవాలి. అంతవరకూ గొంతు పోయినా, మండీలో లారీ నిలిచిపోయినా పాడాల్సిందే.

రెండేళ్ళ కిందట కార్తీకమాసంలో మా గుడిలో ఏకాహం జరిగింది. పొద్దున ఆరు నుంచి మా వంతు. ఆ తర్వాత పుంగనూరు ఆడవాళ్ళది. ఎనిమిదింటికల్లా వదిలేస్తే మండీకి చేరుకోవచ్చని చరణ్ లెక్క.

ఎనిమిదికి పుంగనూరు వాళ్ళు రానే వచ్చారు. బయట తుంపర. ముందు నిలబడిన అమ్మాయి చున్నీ నడుముకు బిగించి, తడిసిన జడ వెనక్కి వేసుకుని, టీ గ్లాసు పట్టుకుని గడపకు ఆనుకుంది. చరణ్ పాడుతూనే కనుబొమలతో 'రా' అన్నాడు. ఆమె గ్లాసు కొంచెం పైకెత్తి, రెండో చేత్తో 'కానీ, కానీ' అంది.

వాడు ఇంకో చుట్టు తిరిగి వచ్చాడు. ఆమె టీ ఊదుకుంటోంది.

జేబులో ఫోను వణుకుతోంది. వాడు వేగం పెంచాడు. దీపం చుట్టూ పదకొండు మందీ పరుగు లంకించుకున్నారు. కళ్ళు గడియారం మీద, మనసు మండీలో. అప్పుడు జరిగింది. 'రామా, రఘురామా' అనాల్సిన చోట చరణ్ నోటినుంచి అదే రాగంలో, 

"మూడొందలా... మూడొందల పదీ..." అని వచ్చింది.

పదకొండు మందీ కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, "మూడొందలా... మూడొందల పదీ..." అన్నారు. రామప్ప డోలు మీద ఒక ముక్తాయింపు కూడా వేశాడు. మండీలో సరుకు కొనే వెంకటేశులు వెనక వరసలో ఉన్నాడు. అలవాటు కొద్దీ చెయ్యెత్తి, "ఇరవై!" అన్నాడు.

చరణ్ ముఖం పండిన టమోటా అయింది. ఆ అమ్మాయి గ్లాసు కింద పెట్టి రెండంగల్లో లోపలికి వచ్చి, 'రామా' అని అందుకుని, వాడి చేతిలో తాళాలు లాక్కుంది. నామం తెగలేదు. ఆమె పెదవి మాత్రం నవ్వు ఆపుకోలేక వణుకుతూనే ఉంది.

మండీకి పరుగెత్తినవాడు పదిన్నరకు తిరిగి వచ్చాడు, పోట్లాడటానికే. ఆమె గుడి అరుగు మీద గొంతు సవరించుకుంటూ కూర్చుంది.

"ఏమ్మా, ఎనిమిదికి అందుకోవాల్సినోళ్ళు టీ తాగతా నిలబడితే ఎట్ల? నా గొంతేమన్నా బోరింగా, కొట్టేకొద్దీ వచ్చేదానికి?"

"ఎనిమిదా? గోడమీద చీటీ సూసుకోప్పా. మా వంతు ఎనిమిదిన్నరకు రాసుండారు. అర్ధగంట ముందే వచ్చినాము. టీ ఇచ్చినారు, తాగినాము. తప్పా?"

వాడు చీటీ చూశాడు. ఎనిమిదిన్నర. కోపం పోయేదారి లేక అక్కడే ఉండిపోయింది.

"అయినా ముందే వచ్చినప్పుడు ముందే అందుకోని ఉండొచ్చు గదా?"

"నువ్వు పాడతాంటే వింటా నిలబడినా."

వాడు ఇంక పోట్లాట మరిచిపోయాడు. "ఎట్ల ఉండాది?"

"నేను పాలకేంద్రంలో చేస్తాను. దినానికి నూరుమంది పాలు సూస్తా. మొదట్లో నీ పాట చిక్కగా ఉండె. బిరబిరా పోబట్టినాక నీళ్ళు కలిపినావు. ఆఖర్లో టమోటాలు గూడా కలిపినావు."

పుంగనూరు ఆడవాళ్ళందరూ ఒక్కసారి నవ్వారు. ఆమె పేరు యమున అని ఆ నవ్వుల మధ్యనే తెలిసింది.

ఆ రోజు వాడు నన్ను నాలుగుసార్లు అడిగాడు. "అవ్వా, నిజం చెప్పు. నా పాటలో నీళ్ళుండాయా?"

"నీళ్ళేమో గానీ, నీకు నిద్ర ఉండదు ఈ రాత్రికి" అన్నాను.

వారం తిరగకుండానే మా భజన హార్మోనియంకు జబ్బు చేసింది. ఒక మెట్టు నొక్కితే పిల్లి అరుపు వస్తోంది. బాగుచేసే మనిషి పుంగనూరులోనే ఉన్నాడని చరణ్ కనిపెట్టాడు. ఆయన పేరు గంగాధరం. యమునకు తండ్రి. "ఒంటరిగా పోతే బాగుండదు, నువ్వూ రా అవ్వా" అన్నాడు.

గంగాధరం హార్మోనియం విప్పి, పట్టకారుతో ఒక కాగితం ముక్క బయటికి లాగాడు. అద్దాలు సరిచేసుకుని చదివాడు.

"మదనపల్లె టు పుంగనూరు. తేదీ ఈ పొద్దుటిదే. ఏమప్పా, జబ్బు చేసింది ఎప్పుడన్నావు?"

"నాలుగు దినాలాయ" అన్నాడు చరణ్ నేల చూస్తూ.

"అట్లయితే ఇది టికెట్టు తీసుకోని తనంతకు తానే వచ్చినట్లుండాది."

తలుపు వెనక ఎవరో ఫక్కుమన్నారు. తొంగిచూస్తే యమున. నవ్వుకు చెంపలు ఎర్రబడ్డాయి, ఆ రోజు నాకు ఆమె చాలా అందంగా కనిపించింది. (కొట్టేసిన మొదటి వాక్యం ఇదే.)

నవ్వనిది ఒక్కతే, యమున తల్లి ఆదిలక్ష్మి. మాకు టీ ఇస్తూ చరణ్‌ను అడిగింది. "నువ్వు గూడా భజన చేస్తావా?"

"శనివారం శనివారం చేస్తానమ్మా. ఏకాహాలకు గూడా పోతాను."

"ఓహో" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఇంక బయటికి రాలేదు.

వసారాలో నలుగురైదుగురు ఆడవాళ్ళు పలకలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. సెలవురోజు కదా, యమున వాళ్ళకు అక్షరాలు నేర్పుతోంది. మా ఆయన ఉన్నప్పుడు ఎక్కడికి పోయినా ఆయన సంతకం, నా వేలిముద్ర. ఆయన పోయాక వేలిముద్ర ఒక్కటే మిగిలింది. నాకు అక్షరాల మీద ఆశ ఎప్పటినుంచో ఉంది. కానీ ఆ రోజు ఆ ఆశ అంత గట్టిగా ఎందుకు లేచిందో మీరే ఊహించుకోండి.

"నాకూ నేర్పిస్తావా తల్లీ?"

"మదనపల్లె నుంచి వస్తావా అవ్వా, ప్రతి ఆదివారం?"

"తోడు ఉండాడు గదా" అన్నాను. తోడు అప్పటికే టికెట్టు చేతిలో నలుపుతున్నాడు.

అట్లా ఆదివారాలు మొదలయ్యాయి. నేను వసారాలో పలక పట్టుకునేదాన్ని. చరణ్ మెట్ల మీద కూర్చునేవాడు. నాకు నేర్పే పాఠంలో సగం మెట్ల వైపే పోయేది.

"అవ్వా, ఇదేంది?"

"కో."

"కౌ అవ్వా, కౌ. పోయిన వారమూ ఇదే చెప్తివి."

"తలలో నిలవడం లేదు తల్లీ. వచ్చే ఆదివారం సూస్తాంలే."

మెట్ల మీది నుంచి చరణ్, "మా అవ్వకు మతిమరుపు ఎక్కువ. నిదానంగా చెప్పాల" అనేవాడు.

"నువ్వు మాట్లాడొద్దప్పా. మూడొందల పది!" అనేది యమున. వాడికి అదే పేరు పెట్టింది.

నిజం చెప్పాలంటే గుణింతం నాకు నెలలోనే వచ్చేసింది. రాలేదని అయిదు నెలలు చెప్పాను. ఇప్పటికీ నా నిదానంలో కొంత ఆ రోజుల్లో కావాలని అలవాటు చేసుకున్నదే.

వాళ్ళిద్దరూ మాత్రం అసలు మాట మాట్లాడరు. వాడు వేలంలో ఊరంతా వినేట్టు అరుస్తాడు, ఆమె ముందర నోరు పెగలదు. చూసి చూసి, మాఘమాసంలో నేనే ఆదిలక్ష్మి దగ్గర కూర్చుని అడిగేశాను.

ఆమె చేతిలో పని ఆపలేదు. చిక్కుడుకాయలు తుంచుతూనే చెప్పింది.

"అవ్వా, నీ మనవడు మంచోడే. కానీ భజన చేసేవాడికి నా బిడ్డనియ్యను. యమున పుట్టిన దినం ఈయప్ప, వాళ్ళ నాయన, పలమనేరులో ఏకాహంలో ఉండె. నాకు నొప్పులొచ్చినాయని మనిషిని పంపిస్తే ఏమన్నాడో తెలుసునా? నామం తెగకూడదు, తెల్లారినాక వస్తా అన్నాడు. నేను బతుకుతానో లేదో అని డాక్టరమ్మ చెప్తాంటే, ఈయప్ప ఆడ తాళాలు కొడతా ఉండె. ఇరవై నాలుగేండ్లాయ. ఆ పొద్దునుంచి నేను భజన గడప తొక్కలా."

నేనూ నాలుగు చిక్కుడుకాయలు అందుకుని తుంచాను.

"దేవుడి మీద కోపం లేదవ్వా. దీపం నేనూ పెడతా. పిలిస్తే లేచి రాని మనిషి మీదనే. నీ మనవణ్ణి భజన ఇడిసిపెట్టమను. రేపే తాంబూలాలు మార్చుకుందాం."

ఈ మాట విన్న యమున మెట్ల దగ్గర చరణ్‌తో అంది. "నా కోసమని నువ్వు పాడేది ఇడిసిపెడితే, నేనే వద్దంటా. పాలియ్యని ఆవును చేసుకోని ఏం చేసేది?"

అటు తల్లి, ఇటు కూతురు. పాడితే పిల్ల రాదు, మానితే పిల్ల ఉండదు. వారంపాటు వాడు అన్నం సరిగా తినలేదు. మండీలో ఎవరైనా పదీ అంటే ఉలిక్కిపడేవాడు.

ఇట్లా ఉండగానే శ్రీరామనవమికి కుప్పంలో ఏకాహం వచ్చింది. మా వంతు పొద్దున ఆరు నుంచి ఎనిమిది. ఎనిమిది తర్వాత పుంగనూరు ఆడవాళ్ళు. చీటీ ఈసారి చరణ్ మూడుసార్లు చూసుకున్నాడు.

ఆదిలక్ష్మి రెండు రోజుల ముందే కుప్పంలో తన చెల్లెలు స్వర్ణలత ఇంటికి వచ్చి ఉంది. నేను పోయి పిలిచాను. "పానకం కోసం వస్తా. పాట కోసం కాదు" అంది. అన్నట్టే వచ్చి, గుడి బయట చెప్పుల పక్కన, గోడకు వీపు ఆనించి కూర్చుంది.

ఎనిమిదయింది. పుంగనూరు వ్యాను రాలేదు. ఎనిమిదింబావు. చరణ్ గొంతు గరగరమంటోంది. అప్పుడు నా ఫోనులో మెసేజి మోగింది. యమున నుంచి. నాకు చదవడం వచ్చు కదా అని గొప్పగా తెరిచాను.

ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పాలి. పెద్దవయసులో చదువు నేర్చినవాళ్ళం మనసులో చదువుకోలేము. పైకి పలికితేనే అక్షరం మాకు అర్థమవుతుంది.

"ఏ... ను... గు... లు" అన్నాను గడప దగ్గర నిలబడి. "అ... డ్డం. వ్యా... ను... ఆ... పి... నా... రు. అ... మ్మ... కు... చె... ప్పొ... ద్దు."

తలెత్తితే అమ్మ నా ఎదురుగానే ఉంది.

"ఏనుగులా? యాడ? నా బిడ్డ యాడుండాది?" ఆదిలక్ష్మి ముఖంలో నెత్తురు లేదు. యమునకు ఫోను చేస్తే మోగుతోంది కానీ ఎత్తడం లేదు.

చరణ్ అప్పుడే చుట్టు తిరిగి గడప దగ్గరికి వచ్చాడు. విన్నాడు. వాడి గొంతు పాడుతూనే ఉంది, కాళ్ళు మాత్రం ఆగిపోయాయి. ఒకసారి దీపం వైపు చూశాడు. ఒకసారి ఆదిలక్ష్మి వైపు చూశాడు. పదకొండు మంది జవాబు చెప్పే సందులో తాళాలు విప్పి ఆమె చేతుల్లో పెట్టేశాడు.

"అత్తా, పట్టుకో. నేను పోయి చూసొస్తా" అని, వెంకటేశులు చేతిలో బండి తాళంచెవి లాక్కుని పరుగెత్తాడు.

పదకొండు మంది జవాబు అయిపోయింది. మళ్ళీ ముందు పాట పాడేవాళ్ళు లేరు. తిరిగి పాడేవాళ్ళే తప్ప ముందు పాడటం వాళ్ళలో ఎవరికీ చేతకాదు. వినపడని రామప్ప ఒక్కడే డోలు వాయిస్తున్నాడు. ఆదిలక్ష్మి గడప అవతల తాళాల వైపు చూస్తూ నిలబడింది.

తర్వాత ఆమె గడప దాటింది.

'రామా' అని అందుకుంది. మొదటి అక్షరం పగిలింది, రెండోది నిలబడింది. ఇన్నేళ్ళూ వంటింటి గోడ అవతలి నుంచి మొగుడి పాటలన్నీ విన్న మనిషి ఆమె. ఒక్కటీ మరిచిపోలేదు. పాడుతుంటే కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. నేనే కొంగుతో తుడిచాను.

ఇక ఏనుగుల దగ్గర జరిగింది వ్యానులో ఉన్న తొమ్మిది మంది తొమ్మిది రకాలుగా చెప్పారు. అందరూ ఒప్పుకున్నది రాస్తాను.

వి.కోట దాటాక అడవి దారిలో ఏడు ఏనుగులు రోడ్డు మధ్యలో నిలబడ్డాయి. అటుపక్క వ్యాను. ఇటుపక్క చరణ్ బండి. ఫారెస్టు వాళ్ళు ఇద్దరినీ ఆపేశారు, ఫోన్లు మోగకుండా చేయించారు. అందుకే యమున ఎత్తలేదు. ఏనుగుల కాళ్ళ సందుల్లోంచి వాడి నీలం చొక్కా కనిపించగానే ఆమే ఫోను చేసి గుసగుసగా మాట్లాడింది.

"యాల వచ్చినావు?"

"సూసి పోదామని."

"సూసినావు గదా, పో. నామం ఎవురు పాడతాండారు?"

"మీ అమ్మ చేతిలో పెట్టి వచ్చినా."

"మా అమ్మనా!" అని యమున అరిచింది. ఒక ఏనుగు చెవి విసిరింది. ఫారెస్టు ఆయన చేతులు జోడించాడు.

"యమునా, నువ్వంటే నాకు ఇష్టం. వేలంలో మాదిరి మూడుసార్లు చెప్పల్నా?"

"ఒకసారి చాలు. ఏనుగులు ఇంటాండాయి."

"మరి నువ్వేమంటావు?"

"ఏమనేది, మా నాయన పక్కనే కూర్చోనుండాడు."

గంగాధరం ఒళ్ళో హార్మోనియం పెట్టుకుని కూర్చున్నాడు. "చెప్పుమ్మా. నేను అడివి సూస్తాండా" అని తల అటు తిప్పుకున్నాడు.

యమున ఫోను పెదవులకు ఆనించుకుని, "ఈ పొద్దు నీళ్ళు లేవు. చిక్కగా ఉండాది" అంది. అని, చున్నీతో ముఖం కప్పుకుంది. (కొట్టేసిన రెండో వాక్యం.)

ఏనుగులు తాపీగా అడవిలోకి దిగాయి.

వాళ్ళు కుప్పం చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. యమున కాళ్ళు కడుక్కుని, నామం అందుకోవడానికి గడప దగ్గరికి వచ్చింది. పక్కన చరణ్. దీపం చుట్టూ తిరిగి వచ్చిన ఆదిలక్ష్మి కూతురిని తల నుంచి కాళ్ళదాకా చూసుకుంది. బాగానే ఉందని తేలాక, తాళాల చేత్తోనే 'కానీ, కానీ, ఉండండి' అన్నట్టు సైగ చేసి ఇంకో చుట్టు వెళ్ళిపోయింది. గుడివాళ్ళు ఇద్దరికీ టీ ఇచ్చారు. ఇద్దరూ గడపకు ఆనుకుని తాగుతూ నిలబడ్డారు.

పది గంటలకు గాని ఆమె తాళాలు కూతురి చేతికి ఇవ్వలేదు.

బయటికి రాగానే గుడి పెద్ద సుబ్రమణ్యం చరణ్‌ను పట్టుకున్నాడు. "ఏమప్పా, నామం ఇడిసిపెట్టి పోతావా? తెగి ఉంటే?"

జవాబు ఆదిలక్ష్మి చెప్పింది.

"తెగిందా పెద్దాయనా? తెగలేదు గదా. ఈయప్ప ఇడిసిపెట్టి పోలా. ఇంకొకరి చేతిలో పెట్టి పోయినాడు. ఆ పొద్దు ఇంకోడు గూడా అట్ల పెట్టి వచ్చింటే నాకీ ఇరవై నాలుగేండ్లు మిగిలుండు."

గంగాధరం హార్మోనియం కింద పెట్టాడు. "తప్పయింది, ఆదీ" అన్నాడు. అందరి ముందరా అన్నాడు. ఆమె తన చేతిలో పానకం సగం తాగి, మిగిలింది ఆయనకు ఇచ్చింది.

తర్వాత చరణ్ వైపు తిరిగింది. "పరిగెత్తేటప్పుడు నన్నేమన్నావు?"

వాడు నీళ్ళు నమిలాడు. "అది... తొందరలో..."

"తొందరలో అంటే నాకు సరిగ్గా వినపళ్ళా. నిదానంగా ఇంకోసారి అను."

"అత్తా" అన్నాడు చరణ్.

లోపల యమున పాడుతోంది. ఆమె చెవి మాత్రం బయటే ఉందేమో, ఆ చుట్టులో ఒక అడుగు తడబడింది. రామప్ప డోలు మీద ముక్తాయింపు వేశాడు. ఆయనకు ఏం వినపడిందో ఆ రాముడికే తెలియాలి.

వైశాఖంలో పెళ్ళయింది. శనివారాలు ఇప్పుడు ఇద్దరూ పాడతారు, ఒకరు లేస్తే ఇంకొకరు అందుకుంటారు. ఆదిలక్ష్మి కూడా వస్తుంది. పానకం ఉన్నా లేకున్నా.

ఈ కథంతా రాసి యమునకు ఇచ్చాను కదా. గుణింతం నెలలోనే వచ్చినా అయిదు నెలలు రాలేదని చెప్పానని రాసినచోట, ఆమె తప్పేమీ దిద్దలేదు. ఎర్ర పెన్నుతో పక్కన ఒక మాట రాసింది. ఈసారి పైకి పలక్కుండా, మనసులోనే చదువుకోగలిగాను.

'నాకు మొదటి నెలలోనే తెలుసు అవ్వా. అందుకే కౌ మళ్ళీ మళ్ళీ అడిగినా.'

చెంగమ్మ, అరవై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఉండేది మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో, మనవడి ఇంట్లో.